వింటూనే ఉన్నా "నువ్వు అసలు వినవు" అని ఎందుకంటారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆఫీసులో మీటింగ్ అయ్యాక ఎవరు ఏమన్నారో అందరూ మిమ్మల్నే అడుగుతారు, అంత బాగా గుర్తుంటుంది. ఇంట్లో మాత్రం మీ ఆవిడా, పదమూడేళ్ల మీ అబ్బాయీ ఇద్దరూ "నువ్వు అసలు వినవు" అంటారు. చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పినా ఒప్పుకోరు. యాక్టివ్ లిజనింగ్ (విన్నదాన్ని తిరిగి చెప్తూ వినడం) గురించి ఎక్కడో చదివి, "అంటే నువ్వు చెప్పేదేంటంటే..." అని మొదలుపెడితే ఇంకా చిరాకుపడ్డారు. వినడంలో రకాలుంటాయంటారు కదా, అవేంటి, వాటిలో మీకు రానిది ఏది?

నేను పద్దెనిమిదేళ్లుగా ఒక టెలిఫోన్ హెల్ప్‌లైన్‌లో పనిచేస్తున్నాను. మొదటి ఏడేళ్లు ఫోన్లు ఎత్తాను, తర్వాత నుంచి ఫోన్లు ఎత్తేవాళ్లకి శిక్షణ ఇస్తున్నాను. మీలాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. మంచి జ్ఞాపకశక్తి, మంచి ఏకాగ్రత, నేర్చుకోవాలన్న పట్టుదల, అన్నీ ఉంటాయి. అయినా మొదటి నెలలో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది వాళ్లే. వాళ్లు తక్కువ వినడం వల్ల కాదు, ఒక రకంగా వినాల్సిన మాటని ఇంకో రకంగా వినడం వల్ల. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదేనని మీరు రాసిన ఉదాహరణలు చూస్తే అనిపిస్తోంది. కాబట్టి "ఇంకా శ్రద్ధగా వినండి" అని నేను చెప్పను. శ్రద్ధ మీకు ఇప్పటికే ఉంది, అది తప్పు చోట పెడుతున్నారు.

ముందు మన మాటలోనే ఉన్న ఒక చిక్కు చూడండి. తెలుగులో వినడం అనే ఒక్క మాటతో చాలా పనులు నడిపిస్తాం. చెవిన పడితే "విన్నాను" అంటాం. అర్థమైనా విన్నానే అంటాం. చెప్పినట్టు చేయకపోతే "వాడు మాట వినడు" అంటాం, అంటే అక్కడ వినడం అంటే ఒప్పుకోవడం, లోబడటం. ఇప్పుడు మీ అబ్బాయి మీతో "నువ్వు వినవు నాన్నా" అన్నప్పుడు వాడి ఉద్దేశం ఒకటి, మీరు వాడితో "నువ్వు నా మాట వినవు" అన్నప్పుడు మీ ఉద్దేశం ఇంకోటి. వాడు చెప్పింది విని ఊరుకుంటే ఒప్పుకున్నట్టు అవుతుందేమోనన్న భయం పెద్దవాళ్లలో చాలామందికి ఉంటుంది, అందుకే సగంలోనే "కుదరదు" అనేస్తారు. పూర్తిగా విని కూడా కుదరదు అనొచ్చు, అలా అన్నప్పుడు పిల్లలు ఆ కుదరదుని మరీ అంత ద్వేషించరు.

రకాల సంగతికి వస్తే, పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించే విభజన ఆండ్రూ వోల్విన్, కరోలిన్ కోక్లీ అనే ఇద్దరు అమెరికన్ అధ్యాపకులది. వాళ్లు అయిదు రకాలు చెప్పారు. మా క్లాసులో నేను వాటిని నా మాటల్లో ఇలా చెప్తాను: గుర్తుపట్టడానికి వినడం, అర్థం చేసుకోవడానికి వినడం, తోడుగా ఉండటానికి వినడం, తూకం వేయడానికి వినడం, ఆస్వాదించడానికి వినడం. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అవతలి మనిషి మాట వీటిలో దేని కోసం వచ్చిందో పట్టుకోవడమే అసలు విద్య.

గుర్తుపట్టడం అన్నిటికీ పునాది, కానీ అందరూ దాటేసేది కూడా ఇదే. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని కాబట్టి నేర్చుకోవాల్సింది ఏముందనుకుంటాం. మనం "కల"కీ "కళ"కీ తేడా ఆలోచించకుండా పట్టేస్తాం. ఆ తేడా చిన్నప్పుడు చెవికి అలవాటు కానివాళ్లకి పెద్దయ్యాక ఎంత విన్నా రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పరిశోధనలో ఇంగ్లిష్ ఇళ్లల్లో పెరుగుతున్న ఆరెనిమిది నెలల పిల్లలు హిందీలోని ట, త శబ్దాల తేడాని పట్టుకున్నారు, పది పన్నెండు నెలలు వచ్చేసరికి అదే తేడా చాలామందికి అందలేదు. చుట్టూ అవసరంలేని తేడాని చెవి వదిలేస్తుందన్నమాట. ఇంట్లో మనుషుల గొంతుల విషయంలోనూ నేను ఇలాంటిదే చూశాను. కొత్తగా పరిచయమైన రోజుల్లో అవతలివాళ్ల ప్రతి చిన్న మార్పూ పట్టుకుంటాం, పదేళ్లయ్యాక మాటలే వింటాం, గొంతు వినడం మానేస్తాం.

మీ అబ్బాయి ఏమడిగినా "ఏం లేదు" అంటాడని రాశారు. ఒక వారం పాటు వాడు అనే "ఏం లేదు"లన్నీ విడివిడిగా వినండి. ఠక్కున, పొట్టిగా, చేస్తున్న పని ఆపకుండా వచ్చేది ఒకటి ఉంటుంది, దానికి నిజంగానే ఏమీ లేదని అర్థం, వదిలేయొచ్చు. "ఏం..." దగ్గర కొంచెం సాగి, తర్వాత "లేదు" కిందికి దిగిపోయేది ఇంకొకటి. అక్కడ ఏదో ఉంది, చెప్పాలా వద్దా అని తూగుతున్నాడు. మూడోది "ఏం లేదులే". ఆ చివరి "లే" చాలా ముఖ్యం. అది ఎక్కడ తగిలినా ఆగండి: "సర్లే", "వదిలేయ్‌లే", "నీకు చెప్పినా ఒకటే లే". ఒకసారి చెప్పబోయి, వినేవాళ్లు లేరని తేల్చుకుని వెనక్కి తగ్గిన మాట చాలాసార్లు అలాగే వస్తుంది. మీ ఆవిడ "నీ ఇష్టం" అన్నప్పుడు కూడా అంతే, అది అనుమతా, అలకా అన్నది అక్షరాల్లో దొరకదు, గొంతులోనే ఉంటుంది. మీరు మీటింగ్ నోట్స్ రాసినట్టు రాసుకుంటే రెండు చోట్లా "నీ ఇష్టం" అనే వస్తుంది, ఆ రెండూ మాత్రం ఒకటి కాదు.

మా దగ్గర జరిగిన ఒక కాల్ చెప్తాను, మనిషిని గుర్తుపట్టే వివరాలేవీ రాయడం లేదు. కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ ఎత్తింది, నేను పక్కన ఇంకో హెడ్‌సెట్‌తో వింటున్నాను. అవతల ఒకావిడ, "మీ లైన్ రాత్రి ఎన్ని గంటల దాకా ఉంటుందండీ?" అని అడిగారు. ఈ అమ్మాయి "24 గంటలూ ఉంటుందండి, ఇంకేమైనా తెలుసుకోవాలా?" అంది. "ఏం లేదండి... అంతే" అన్నారు ఆవిడ. కానీ ఫోన్ పెట్టలేదు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అమ్మాయి కట్ చేయనా అన్నట్టు నా వైపు చూసింది, నేను వద్దని చెయ్యి చూపించాను. స్క్రీన్ మీద అంకెలు కదులుతున్నాయి, పదకొండు సెకన్లు. అప్పుడు ఆవిడ "మీరింకా ఉన్నారా?" అన్నారు. "ఉన్నానండి" అంది ఈ అమ్మాయి. అక్కడి నుంచి నలభై నిమిషాలు మాట్లాడారు. అడిగిన ప్రశ్నకి సరైన జవాబు మొదటి అయిదు సెకన్లలోనే వెళ్లిపోయింది, ఆవిడ ఫోన్ చేసింది దానికోసం కాదు.

ఇక్కడే ఇంకో విషయం చెప్పేస్తాను, మీ ప్రశ్నకి కొంచెం పక్కదారే అయినా. ఇంట్లో పెద్దవాళ్లు పదేపదే "ఆఁ? ఏంటీ?" అంటుంటే, "నీ మాట వినబడుతోంది కానీ తెలియట్లేదు" అంటుంటే, దాన్ని అశ్రద్ధ అనుకోకండి. వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా ముందు సన్నగా, కీచుగా ఉండే పై స్థాయి శబ్దాల్ని తినేస్తుంది, స, శ, ఫ లాంటి హల్లులు ఆ కోవలోవే. అచ్చులు బాగానే వినబడతాయి కాబట్టి మనిషి గొంతు తెలుస్తుంది, మాట మాత్రం విడిపోదు. గట్టిగా అరిస్తే పెద్దగా లాభం ఉండదు, ఎదురుగా కూర్చుని, మొహం కనబడేలా, కొంచెం నిదానంగా మాట్లాడితే ఉంటుంది. చెవి పరీక్ష చేయించండి. "మా నాన్న వినిపించుకోడు" అని ఏళ్ల తరబడి కోపం పెంచుకున్న కొడుకులు, కూతుళ్లు పరీక్ష రిపోర్టు చూసి ఏడవడం నేను చూశాను.

రెండోది, అర్థం చేసుకోవడానికి వినడం. ఇది మీకు వచ్చు, ఆఫీసులో మీకున్న పేరే దానికి సాక్ష్యం. అయినా దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. మనసు వినడమే గొప్ప, విషయం వినడం యాంత్రికం అన్నట్టు చెప్తుంటారు, అది తప్పు. నేను ఆ తప్పుకి మూల్యం చెల్లించాను. మా నాన్నకి గుండె జబ్బు అని తేలిన రోజు డాక్టర్ గారు మందులు ఎలా వేసుకోవాలో చెప్తున్నారు. నాన్న చెయ్యి నా చేతిలో ఉంది, వణుకుతోంది. నేను ఆయన భయాన్నే వింటూ కూర్చున్నాను, నా వృత్తే అది కదా. పొద్దున సగం, రాత్రి ఒకటి అని చెప్పిన మాత్ర నా బుర్రలో పొద్దున ఒకటి, రాత్రి సగంగా పడింది. మూడో రోజు మందుల షాపులో చీటీ చూసి అడిగితే బయటపడింది. ప్రమాదమేమీ జరగలేదు, కానీ ఆ పది నిమిషాలు అక్కడ నాన్నకి కావాల్సింది డాక్టర్ మాటల్ని పొల్లుపోకుండా పట్టుకునే చెవి. చెయ్యి పట్టుకోవడానికి ఆ తర్వాత సాయంత్రమంతా ఉంది.

ఇలాంటి చోట పనికొచ్చేది విమానాల వాళ్ల అలవాటు. టవర్ నుంచి వచ్చిన ఆదేశాన్ని పైలట్ తిరిగి చదివి వినిపించాలి, టవర్ అది సరిగా ఉందో లేదో చూసుకోవాలి. అంత పద్ధతి ఉన్నా, ఒక మాటని ఇద్దరు రెండు రకాలుగా వింటే ఏమవుతుందో 1977 మార్చి 27న టెనెరీఫ్ దీవిలో తెలిసింది. పొగమంచులో రన్‌వే మీద రెండు పెద్ద బోయింగ్ విమానాలు గుద్దుకుని 583 మంది చనిపోయారు. ఎగిరాక పట్టాల్సిన దారి గురించి ఇచ్చిన క్లియరెన్స్‌ని ఎగరడానికి అనుమతిగా తీసుకున్నారు ఒక పైలట్, "ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం" అన్న మాటని బయల్దేరడానికి సిద్ధంగా ఆగి ఉన్నారని అర్థం చేసుకున్నారు టవర్లోని మనిషి. ఇద్దరూ విన్నారు. ఆ ప్రమాదం తర్వాత "టేకాఫ్" అన్న మాటని అసలు అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప ముందు వాడకూడదని పద్ధతి మార్చుకున్నారు. మందుల డోసు, అప్పు షరతులు, పిల్లల్ని ఎవరు ఎన్నింటికి తీసుకురావాలి లాంటి వాటి దగ్గర "సరే, అర్థమైంది" అనకండి, అర్థమైంది ఏంటో పైకి చెప్పండి. మీకు వచ్చిన ఈ విద్యని ఇంట్లోనూ వీటికి వాడండి.

ఇప్పుడు మీకు రానిది, తోడుగా ఉండటానికి వినడం. మీరు రాసిన సంఘటన: మీ ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి, "ఇవాళ మళ్లీ నేను చేసిన ప్రెజెంటేషన్‌కి మా మేనేజర్ తన పేరు పెట్టుకున్నాడు" అన్నారు. మీరు "హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు, పాత ఫైళ్లన్నీ సేవ్ చేసి పెట్టుకో" అన్నారు. ఆవిడ "నువ్వు వినవు" అని లోపలికి వెళ్లిపోయారు. మీ సలహాలో తప్పేమీ లేదు, బహుశా ఆవిడకి మీకంటే ముందే తెలుసు కూడా. ఆ వాక్యంలో బరువంతా "మళ్లీ" మీద ఉంది. మీరు ప్రెజెంటేషన్ని విన్నారు, మేనేజర్ని విన్నారు, "మళ్లీ"ని వినలేదు. అది వింటే నోట్లోంచి వచ్చే మాట "మళ్లీనా?" అనే. అంతే, ఒక్క మాట. దాని తర్వాత ఆవిడే చెప్తారు, ఎన్నోసారో, గదిలో ఇంకెవరున్నారో, అప్పుడు తను ఏమీ అనలేకపోయినందుకు తన మీద తనకే ఎంత కోపంగా ఉందో. ఆ చివరిది బయటికి వచ్చేదాకా సలహాకి చోటు ఉండదు.

మరి మీరు ప్రయత్నించిన యాక్టివ్ లిజనింగ్ ఎందుకు బెడిసికొట్టింది? ఆ మాటని ప్రచారంలోకి తెచ్చింది కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు, 1957లో. వాళ్లు చెప్పిన దాంట్లో ముఖ్యమైనది ఇది ఒక ట్రిక్కు కాదనే. అవతలి మనిషి మీద నిజమైన గౌరవం, ఆ మనిషి కళ్లతో చూడాలన్న కోరిక లోపల లేకపోతే పైపై పద్ధతి అవతలివాళ్లకి ఇట్టే తెలిసిపోతుందని వాళ్లే హెచ్చరించారు. తర్వాత తర్వాత ట్రైనింగుల్లో ఆ గౌరవం జారిపోయి, "అంటే మీరు చెప్పేది..." అన్న వాక్యం మాత్రం మిగిలింది. మీరు మీ ఆవిడ మాటల్నే ఆవిడకి తిప్పి చెప్పారు. ఆవిడకి కావాల్సింది మాటలు చేరాయన్న రసీదు కాదు. తిప్పి చెప్పాలనుకుంటే, ఆవిడ చెప్పకుండా వదిలేసినదాన్ని చెప్పండి, అది కూడా ఖాయంగా కాదు, ఒక ఊహలా: "అందరి ముందూ పెట్టుకున్నాడా?" తప్పైతే ఆవిడే దిద్దుతారు, ఆ దిద్దడంలో ఇంకా దగ్గరికి వస్తారు.

దీనికి అడ్డం పడేది మన స్వభావంలోనే ఉంది, అందుకని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 2009లో పది భాషల సంభాషణల్ని కొలిచి చూస్తే, ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య ఎడం సాధారణంగా సెకనులో అయిదో వంతు దరిదాపుల్లో ఉందని తేలింది. ఒక మాట అనుకుని నోటితో పలకడానికే అంతకు రెండు మూడు రెట్ల సమయం పడుతుంది. అంటే అవతలివాళ్లు ముగించకముందే మన జవాబు లోపల తయారవుతోంది. మామూలు కబుర్లకి ఇది మంచిదే, లేకపోతే సంభాషణ కుంటుతుంది. బాధ చెప్పుకునే మనిషి దగ్గర మాత్రం, మన జవాబు తయారీకి వెళ్లిన ఆ చివరి రెండు మాటల్లోనే అసలు సంగతి ఉంటుంది. వైద్యుల విషయంలో 1984లో హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ 74 సంప్రదింపుల్ని రికార్డు చేసి విన్నారు, రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డుపడి ఏదో ఒక ప్రశ్న వైపు మళ్లించాడు. మొదట చెప్పిన బాధే అసలు బాధ కావాలని లేదు కదా.

కాబట్టి మా వాళ్లకి నేను మొట్టమొదట నేర్పేది ఆగడం. అవతలివాళ్లు ఆపాక మూడు సెకన్లు. మొదట్లో అది చాలా పొడుగ్గా, ఇబ్బందిగా అనిపిస్తుంది. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్లో ఇదే చూశారు: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. పదమూడేళ్ల పిల్లాడి తండ్రిగా మీకు ఇది బాగా పనికొస్తుంది. అడిగి, ఆగండి. ఆ ఆగినప్పుడు వాడి మొహంలోకి గుచ్చి చూడకండి. పక్కపక్కన నడుస్తూనో, ఏదైనా చిన్న పని చేస్తూనో ఉంటే ఆ వయసు పిల్లలకి తేలిగ్గా ఉంటుంది.

"నాకూ అలాగే జరిగింది" అని మన కథ మొదలుపెట్టడం గురించి ఒక మాట. చాలామంది ఇది ఓదార్పు అనుకుని చేస్తారు, మంచి మనసుతోనే. కానీ అక్కడితో వెలుగు మన మీదకి తిరిగిపోతుంది, చెప్పుకోవడానికి వచ్చిన మనిషి మన కథకి ఊ కొట్టాల్సి వస్తుంది. మీ అనుభవం చెప్పడానికి రేపు కూడా ఉంది.

తూకం వేయడానికి వినడం, అంటే చెప్పేదాంట్లో నిజమెంత, ఆధారమేంటి, చెప్పేవాళ్లకి దీనివల్ల లాభమేంటి అని చూస్తూ వినడం. ఇది లేని మనిషి అందరి చేతిలో మోసపోతాడు. బ్యాంకు నుంచి అంటూ, పోలీసులమంటూ వచ్చే మోసపు కాల్స్ పనిచేసేది ఎలాగంటే, ముందు భయం, వెంటనే తొందర. ఆ రెండూ కలిస్తే మనిషి తూకం వేయడం మానేసి లోబడటానికి వింటాడు. కాబట్టి తొందరపెట్టే గొంతు వినగానే ఫోన్ పెట్టేసి, మీకు తెలిసిన నంబర్‌కి మీరే చేయండి. మా రంగంలోనే ఒక ఉదాహరణ చెప్తాను. "మన భావ వ్యక్తీకరణలో మాటలు 7 శాతమే, మిగతా 93 శాతం గొంతూ హావభావాలే" అని మీరు ఏదో ఒక ట్రైనింగులో వినే ఉంటారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి రెండు పరిశోధనల నుంచి వచ్చిన లెక్క అది. ఒక్కో మాటని రకరకాల గొంతుల్లో వినిపించి, చెప్పేవాడికి ఇష్టమా కాదా అని అడిగిన ప్రయోగాలు అవి. మాటకీ గొంతుకీ పొంతన లేనప్పుడు మనిషి ఇష్టాయిష్టాల విషయంలో గొంతునీ మొహాన్నీ ఎక్కువ నమ్ముతామన్నదే దాని సారం. అన్ని మాటలకీ ఇది వర్తించదని మెహ్రాబియనే చెప్పారు. నేను కూడా మొదటి రెండేళ్లు ఆ అంకెని క్లాసులో చెప్పాను, తెలిశాక మానేశాను. నచ్చే మాటని కూడా తూకం వేసే వినాలి.

కానీ ఈ తూకం రాయిని ఇంటికి తెచ్చినప్పుడు చాలా గాయం చేస్తుంది. మీ ఆవిడ "మంగళవారం నుంచీ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు" అంటే "మంగళవారం కాదు, బుధవారం. మంగళవారం నేను ఊళ్లోనే లేను" అన్నారని రాశారు. మీరు చెప్పిందే కరెక్టు అయ్యుంటుంది. అయితే ఆవిడ తారీకు గురించి రాలేదు. మన మీదే ఫిర్యాదు వింటున్నప్పుడు చెవి దానంతటదే తప్పులు వెతకడం మొదలుపెడుతుంది, ఎక్కడో ఒక చిన్న తప్పు దొరికితే మొత్తం కొట్టేయొచ్చని. ఇన్నేళ్ల అనుభవంలో నాకు అన్నిటికంటే కష్టమైన వినడం ఇదే, హెల్ప్‌లైన్‌లో గంటసేపు ఏడుపు వినడం కంటే కష్టం. నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: నన్ను తప్పుపడుతున్నారని తెలిసిన క్షణం, వివరాల్లో తప్పున్నా సరే, మొదటి విడతలో దిద్దను. "ఇంకేం అనిపించింది?" అని అడుగుతాను. అంతా అయ్యాక, అప్పటికీ తారీకు ముఖ్యమనిపిస్తే చెప్తాను. చాలాసార్లు అనిపించదు.

ఆస్వాదించడానికి వినడం గురించి ఎవరూ సలహాలు అడగరు, సంగీతానికి తప్ప అది అక్కర్లేదనుకుంటారు. కథ చెప్పేవాళ్లకి ఊ కొట్టే మనిషి ఎంత అవసరమో మన భాషకి ముందే తెలుసు. ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. 2000లో జానెట్ బావెలాస్ బృందం దీన్ని పరీక్షించి చూసింది. చావు తప్పిన సంఘటనల్లాంటివి ఒకరు చెప్తుంటే ఎదుటివాళ్లు వినాలి. కొందరు శ్రోతలకి మాత్రం రహస్యంగా ఇంకో పని ఇచ్చారు: ఒక ఫలానా అక్షరంతో మొదలయ్యే మాట వచ్చినప్పుడల్లా ఒక బటన్ నొక్కాలి. వాళ్లు ప్రతి మాటా వింటూనే ఉన్నారు, చాలా జాగ్రత్తగా కూడా. కానీ "అయ్యో" అనాల్సిన చోట అనలేకపోయారు. దాంతో చెప్పేవాళ్ల కథే పాడైంది, ముగింపు దగ్గర తడబడ్డారు, చెప్పిందే చెప్పారు, ఎందుకు చెప్తున్నామో సమర్థించుకున్నారు. చేతిలో ఫోన్ పెట్టుకుని "చెప్పు, వింటున్నా" అనేవాళ్లందరికీ నేను ఇది చెప్తుంటాను. మీకు విషయం అందుతుండొచ్చు, అవతలివాళ్ల మాటే మీ ఎదుట చెడిపోతోంది.

సంతోషం విషయంలో ఇది మరీ నిజం. షెల్లీ గేబుల్, ఆమెతో పనిచేసినవాళ్లు 2004లో ప్రచురించిన పరిశోధనలో, మంచి వార్త చెప్పినప్పుడు భాగస్వామి ఉత్సాహంగా, ఆసక్తిగా స్పందించే జంటల్లో సంతృప్తి ఎక్కువగా కనిపించింది. మీ అబ్బాయి ఆటలో ఏదో లెవల్ దాటానని చెప్తే మీరు "హోమ్‌వర్క్ అయిందా?" అన్నారట. వాడు మీకు కష్టం చెప్పాలంటే ముందు ఇలాంటివి చెప్పి చూస్తాడు. ఇక్కడ చెల్లిన మనిషి దగ్గరికే అక్కడ వస్తాడు. ఆ ఆట మీకు తెలియనక్కర్లేదు, "ఆ లెవల్లో అంత కష్టమేంటి?" అని అడిగితే చాలు.

ఒకే సంభాషణలో ఈ రకాలు మారిపోతూ ఉంటాయి, అది గమనించండి. మీ ఆవిడ ఇరవై నిమిషాలు చెప్పుకుని, చివర్లో "ఇప్పుడేం చేయమంటావ్?" అంటే, అప్పుడు కూడా "అయ్యో, ఎంత కష్టం" అంటూ కూర్చోకూడదు. అక్కడ మీ హెచ్‌ఆర్ మెయిల్ సలహా బంగారంలా పనికొస్తుంది. ఏ రకమో తెలియకపోతే అడిగేయండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు: "నేను ఊరికే విననా, ఏం చేయాలో కలిసి ఆలోచిద్దామా?" మొదటిసారి కొంచెం వింతగా ఉంటుంది, నాలుగోసారికి ఇంట్లో అలవాటైపోతుంది. మా ఇంట్లో అయితే ఇప్పుడు పిల్లలే "అమ్మా, ఇది ఊరికే వినే విషయం" అని చెప్పి మొదలుపెడతారు.

అలసిపోయి ఉంటే, వినే ఓపిక లేకపోతే, అది కూడా చెప్పండి. "ఇప్పుడు నా బుర్ర పనిచేయట్లేదు, అరగంట తర్వాత కూర్చుందాం" అనడం, సగం చెవితో గంటసేపు కూర్చోవడం కంటే చాలా నయం. కాకపోతే ఆ అరగంట తర్వాత మీరే వెళ్లి "ఇందాక ఏదో చెప్పబోయావు" అనాలి. వాళ్లు మళ్లీ వచ్చి అడిగేదాకా చూడకూడదు. మా దగ్గర కూడా ఎవరినీ వరుసగా రెండు బరువైన కాల్స్ ఎత్తనివ్వం.

మీకు నేను ఇచ్చే పని ఒక్కటే, రెండు వారాలు చేయండి. అన్నీ ఒకేసారి మార్చుకోవాలని చూడకండి. సాయంత్రం మీ ఆవిడ మొదటి వాక్యం చెప్పగానే, జవాబు చెప్పేముందు ఆ వాక్యంలో ఏ మాట మీద బరువు పడిందో పట్టుకుని, ఆ ఒక్క మాటనే ప్రశ్నలా అనండి. "మళ్లీనా?" "అందరి ముందా?" "నువ్వొక్కదానివేనా?" తర్వాత మూడు సెకన్లు ఆగండి. అబ్బాయితో మాత్రం ఇది కూడా వద్దు, వాడి "ఏం లేదు"లని విని ఊరుకోండి, "లే" వచ్చినప్పుడు మాత్రం పక్కన కాసేపు కూర్చోండి, ఏమీ అడగకుండా. రెండు వారాలయ్యాక ఏమైందో ఇక్కడే రాయండి, ముఖ్యంగా పనిచేయని రోజుల గురించి. ఎవరు ఏ మాట అన్నారో మీకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది కాబట్టి, ఆ మాటల్ని అలాగే రాస్తే బరువు ఎక్కడ జారిపోయిందో ఇద్దరం కలిసి చూడొచ్చు.